దండ లేని చక్రవర్తులు

ఉద్యోగంలో ఉన్నంత కాలం నేను ఒక గొప్ప చెప్పుకునేదాన్ని. నా చేతిలో ఒక్క వస్తువు పగల్లేదు, నేను తీసిన ఒక్క ఫోటోను మళ్ళీ తీయమని ఎవరూ అనలేదు అని. ఈ మాట విని విని మా మ్యూజియంలో కొత్తగా చేరినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. రిటైర్ కావడానికి మూడు నెలల ముందు ఆ గొప్ప కాస్తా ఒక కంచు నాణేల పెట్టెలో పడి మునిగింది. ఎలా మునిగిందో చెప్తాను. మీరు పెద్ద చదువులు చదివినవాళ్ళు, ఇలాంటిది మాకెందుకు జరుగుతుందిలే అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

మాది కరీంనగర్. పెళ్ళయ్యాక జర్మనీలోని కొలోన్ వచ్చి, మొదట ఫోటోలు కడిగే ల్యాబులో పనిచేశాను. డిజిటల్ కెమెరాలు వచ్చి ల్యాబు మూతపడ్డాక, అక్కడికి అరగంట రైలు దూరంలో ఒక చిన్న మ్యూజియంలో ఫోటోగ్రాఫర్‌గా చేరాను. ఆ ప్రాంతంలో ఎక్కడ పునాది తవ్వినా రోమన్ల కాలం నాటిది ఏదో ఒకటి బయటపడుతుంది. నీళ్ళ పైపు వేయడానికి వచ్చినవాళ్ళు పని ఆపేసి మా ఆఫీసుకు ఫోన్ చేయడం మామూలే. కుండ పెంకులు, ప్రమిదలు, జడపిన్నులు, నాణేలు, ఏది వచ్చినా దాన్ని నీట్‌గా ఫోటో తీయడం నా పని. అదేమిటో, ఎప్పటిదో చెప్పడం నా పని కాదు. ఆ సంగతి వస్తువు కింద పెట్టిన చీటీ మీద రాసి ఉండేది. నేను చీటీ నంబరు చూసేదాన్ని, వెలుగు చూసేదాన్ని, నీడ చూసేదాన్ని.

నాణేలు ఫోటో తీయడానికి నాకొక పద్ధతి ఉండేది. ట్రేలో వరసగా గుంటలుంటాయి, ఒక్కో గుంటలో ఒక్కో నాణెం. ముందు అన్నిటికీ మొహం వైపు తీసేస్తాను. తర్వాత అన్నిటినీ తిరగేసి, లైట్లు మార్చి, వెనుక వైపు తీస్తాను. రెండు వైపులా గీతల లోతు వేరు, అందుకని వెలుగు వేరుగా కావాలి. వరస మారకపోతే చాలు, పదిహేడో మొహానికి పదిహేడో వీపు ఎప్పటికైనా జతపడుతుంది. ఈ పద్ధతి వల్ల పని రెండింతలు వేగంగా అయ్యేది, నాకు మెచ్చుకోళ్ళు వచ్చేవి. ఒక నాణేన్ని చేతిలోకి తీసుకుని, ఇటు తిప్పి, అటు తిప్పి చూసిన పాపాన మాత్రం పోలేదు.

నాణేల విభాగానికి ఒక పెద్దావిడ అధిపతి. రోమన్ నాణేల మీదే డాక్టరేట్ చేసిన మనిషి. మనసులో నేను ఆమెను డాక్టరమ్మ అని పిలుచుకునేదాన్ని. తక్కువ మాట్లాడుతుంది, మాట్లాడిందంటే ఇక అందులో తిరుగులేదు. కరోనా వచ్చేసరికి ఆమెకు ఉబ్బసం ఉందని ఇంటినుంచే పనిచేయమన్నారు. మిగిలిన మమ్మల్ని రెండు బృందాలు చేశారు. ఒక వారం వీళ్ళు, ఒక వారం వాళ్ళు, ఒకరికొకరు ఎదురు పడకూడదు. ప్రతి ఇరవై నిమిషాలకూ కిటికీలు తెరవాలి. తెరిచిన ప్రతిసారీ నా లైటింగ్ పాడయ్యేది. గాలి మారడం మంచిదే కానీ, వెలుగు మారితే నాకు ఒళ్ళు మండేది. ఒంటరిగా స్టూడియోలో కూర్చుని కిటికీని తిట్టుకునేదాన్ని.

రెండో ఏడు ఎండాకాలం మొదట్లో మా అక్క కరీంనగర్‌లో పోయింది. ఆక్సిజన్ దొరికింది కానీ మనిషి నిలవలేదు. వెళ్ళే దారి లేదు. ఫోన్ కాల్ కన్నా ముందు ఫోటో వచ్చింది. మేనల్లుడు ఫ్యామిలీ గ్రూపులో అక్క ఫోటోకు దండ వేసి పెట్టాడు. కింద ఏదో రాశాడు, నేను చదవలేదు. చదవాల్సిన పని లేదు. ఆ రోజుల్లో ఫోన్ తెరిస్తే ఇలాంటివే, దండ కనిపిస్తే చాలు గుండె ఆగేది, తర్వాతే మొహం ఎవరిదో చూసేదాన్ని. ఆ రోజు స్టూడియోలో ఏడ్చాను. మాస్కు తడిసి ఊపిరాడలేదు. అంతలో కిటికీ తెరిచే వేళైంది, తెరిచాను. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. ఎవరూ లేరు కూడా. ఎవరూ అడగలేదు.

పది రోజులయ్యాక డాక్టరమ్మ ఫోన్ చేసింది. పెట్టె సంగతి.

మా మ్యూజియం ఉన్న ఊళ్ళో ఒక పళ్ళ డాక్టరు బతికినంత కాలం రోమన్ నాణేలు పోగుచేసి, పోతూ పోతూ మ్యూజియానికి రాసిచ్చాడు. అన్నీ కంచువి, పెద్దవి, అరచేతిలో పెట్టుకుంటే బరువు తెలిసేవి, రెండో శతాబ్దం నాటివి. అక్షరాలు బాగా కనిపించేవాటిని డాక్టరమ్మ ఎప్పుడో ఏరి బీరువాలో పెట్టేసింది. అరిగిపోయినవి ఎనిమిది వందల పైచిలుకు పెట్టెలో మిగిలాయి. వాటి ఫోటోలు నేను ముందే తీసి పెట్టాను. వాటిలో కొన్ని చక్రవర్తి బతికుండగా వేసినవి, కొన్ని అతను పోయాక వేసినవి. రోమ్‌లో చక్రవర్తి పోతే, మంచివాడని పేరుంటే, సెనేటు అతన్ని దేవుడిగా ప్రకటించేది. అప్పుడు గద్దెనెక్కిన కొత్త చక్రవర్తి పాతాయన బొమ్మతో నాణేలు వేయించేవాడు. ముందు పోయినాయన మొహం, వెనుక అంతస్తులుగా పేర్చిన చితి, లేదంటే బలిపీఠం, లేదంటే ఒక గద్ద. చితి అంటుకున్నాక పైనుంచి గద్దను వదిలేవాళ్ళట, అది ఆత్మను మోసుకుపోతుందని. ఇదంతా నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలిసింది ఇందులో సగం.

కొలోన్‌లో మాస్టర్స్ చేస్తున్న ఒక అమ్మాయి ఈ ఫోటోల మీద థీసిస్ రాస్తోందని డాక్టరమ్మ చెప్పింది. మొహం ఫోటో చూపిస్తే ఇది బతికుండగా వేసిందా, పోయాక వేసిందా అని కంప్యూటరే చెప్పాలి. అందుకు ముందు మనం కొన్ని వందల మొహాలు వేరుచేసి దానికి నేర్పాలి. ఆ థీసిస్ దిద్దే ఇద్దరిలో డాక్టరమ్మ ఒకరు.

“నేను రాలేను కదా. మొహాలు మీరే వేరుచేయండి” అంది.

“నాకు లాటిన్ రాదు” అన్నాను.

“అక్షరాలు ఎలాగూ లేవు. దండ చూడండి. తలకు చుట్టిన ఆకుల దండ, మెడ వెనుక దాని ముడి కనిపిస్తుంది. ఈ పెట్టె వరకూ ఆ దండే చెప్పేస్తుంది.”

“అలాగే” అన్నాను. అడగడానికి ఏముంది? దండ ఏం చెప్తుందో నాకు తెలియదా?

అమ్మాయి ఫోటోల హార్డ్ డిస్క్ కోసం మొదటిసారి వచ్చినప్పుడు మ్యూజియం పెరట్లో, సైకిళ్ళు పెట్టేచోట కలిశాం. ఇద్దరం మాస్కుల్లో, మధ్యలో రెండు మీటర్ల దూరం. హైదరాబాద్ పిల్ల. వాళ్ళమ్మ తెలుగు మీడియం బడిలో లెక్కల టీచరు, అందుకని తెలుగు ధారాళంగా వచ్చు.

“సలామ్ ఆంటీ. మెయిల్ కింద మీ పేరు చూసినప్పుడే అనుకున్న, మనోళ్ళే అని” అంది. “ఎట్ల వేరు చేస్తున్నరు ఆంటీ? నేను గూడ రాసుకోవాలె కదా.”

“ఏం లేదు బిడ్డా. దండ ఉంటే పోయినోడు. లేకుంటే బతికున్నోడు.”

ఆమె నవ్వింది. “మా ఇంట్ల గోడకు ఫోటోలే పెట్టరు ఆంటీ. కానీ మా గల్లీల ఫ్లెక్సీలు చూసిన కదా. మొహానికి దండేసిండ్రంటే మనిషి లేడన్నట్టే. సమజైంది.”

అంతే. అర నిమిషంలో తేలిపోయింది. ఆమె స్థానంలో ఒక జర్మన్ విద్యార్థి ఉంటే, ఎందుకు, ఏ పుస్తకంలో ఉంది, ఎవరు చెప్పారు అని నా ప్రాణం తీసేవాడు. మా ఇద్దరికీ ఆ అవసరం రాలేదు. మన వైపు మనిషితో పని ఎంత హాయి అనుకున్నాను.

ఆమె పరిస్థితి కూడా అప్పుడే తెలిసింది. లైబ్రరీలు మూసేశారని ఒకసారి గడువు పెంచారు, ఇక పెంచరు. వీసా ఆఫీసులో ఎన్నాళ్ళకో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరికింది. ఆ రోజుకి థీసిస్ ఇచ్చినట్టు కాగితం చూపించాలి. హాంబర్గ్‌లో రేవు సరుకుల లెక్క చూసే ఒక కంపెనీ ఉద్యోగం ఇస్తానంది, కానీ డిగ్రీ చేతికొచ్చాకే. థీసిస్ ఆగితే అన్నీ ఆగుతాయి. ఈ మాటలన్నీ ఆమె తేలిగ్గానే చెప్పింది కానీ, మాట్లాడుతున్నంతసేపూ సైకిల్ బెల్లు మీద వేలు పెట్టి, మోగకుండా నొక్కుతూనే ఉంది.

రెండు వారాల్లో ఎనిమిది వందల మొహాలూ వేరుచేశాను. గడ్డాల చక్రవర్తులు, దండ ఉన్నవాళ్ళు ఒక ఫోల్డరు, లేనివాళ్ళు ఇంకో ఫోల్డరు. నిజం చెప్పాలంటే ఆ పని నాకు నచ్చింది. దండ ఉన్న మొహం ఒక్కొక్కటీ పోయినవాళ్ళ ఫోల్డరులో వేస్తుంటే మనసు కొంచెం కుదుటపడేది. ఇంతమంది పోయారు, రెండు వేల ఏళ్ళ కిందటే పోయారు, అయినా వీళ్ళని ఎవరో తలుచుకున్నారు అనిపించేది.

తర్వాత అమ్మాయి దగ్గర్నుంచి మాట లేదు. మొదట్లో రోజూ మెసేజ్‌లు పెట్టేది, అవి వారానికి ఒకటయ్యాయి, తర్వాత అవీ లేవు. పనిలో ఉందిలే అనుకున్నాను. మూడు వారాలు గడిచాక ఒక మధ్యాహ్నం, హార్డ్ డిస్క్ తిరిగి ఇవ్వడానికి వచ్చింది. కళ్ళ కింద నల్లగా, మొహం పీక్కుపోయి ఉంది.

“అయిపోయిందా?” అన్నాను.

“లేదు ఆంటీ. ఇచ్చేస్తున్న. థీసిస్ వాపస్ తీసుకుంటనని మా ప్రొఫెసర్‌కు రాద్దామనుకుంటున్న.”

“ఏమైంది?”

“నా ప్రోగ్రాం మొత్తం ఉల్టా చెప్తున్నది. మొహాలు మంచిగనే నేర్చుకున్నది. ఎనుక ఫోటోలు జతచేసి చూస్తే, చితి బతికున్నోళ్ళ ఎనుక వస్తున్నది. గద్ద గూడ వాళ్ళ ఎనుకనే. పోయినోళ్ళ ఎనుక ఒక్క చితి లేదు. మొహానికీ వీపుకూ జోడీ తప్పు కలుపుతున్ననేమో అని మూడుసార్లు మొత్తం కొత్తగ రాసిన. నిద్ర లేదు. తప్పు ఎక్కడున్నదో దొరుకుతలేదు.”

“నన్ను అడగకపోయినవా?”

ఆమె నన్ను వింతగా చూసింది. “మిమ్మల్ని ఏమడగాలె ఆంటీ? మీరు ఇన్నేండ్ల నుంచి చేస్తున్నరు. మీది తప్పెందుకైతది?”

ఆ మాట నాకు ఎంత సుఖంగా అనిపించిందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది. రా, వరస తప్పిందేమో చూద్దాం అన్నాను. స్టూడియోలో ఒక్కరే ఉండాలని రూలు, అందుకని ఆమె గుమ్మంలో నిలబడింది. నేను ట్రే తీసి బల్ల మీద పెట్టి, చేతికందిన నాణేన్ని అంచు పట్టుకుని పైకెత్తాను. దండ లేని గడ్డం మనిషి. నా లెక్కన బతికున్నవాడు. తిప్పాను. నాలుగు అంతస్తుల చితి, అరిగిపోయినా మెట్లు మెట్లుగా కనిపిస్తోంది.

ఇంకొకటి తీశాను. దండ లేదు. తిప్పితే గద్ద. మరొకటి, దండ ఉంది, మెడ వెనుక ముడి కూడా ఉంది. తిప్పితే చేతిలో తక్కెడ పట్టుకుని నిలబడ్డ ఒక దేవత, చావుతో ఆమెకు ఏ సంబంధమూ ఉన్నట్టు లేదు. ఇంకో నాలుగు తిప్పాను.

ఫోటోలు జతపడటంలో తప్పు లేదు. పిల్ల ప్రోగ్రాంలో తప్పు లేదు. రోమన్లకు దండ బతికున్నవాడిది.

“బిడ్డా, తప్పు నీది కాదు. నాది” అన్నాను. జర్మనీ వచ్చాక ఈ వాక్యం తెలుగులో అనడం అదే మొదటిసారి అనుకుంటాను. మా ఆయన్ని అడిగితే రూఢిగా చెప్తాడు.

ఆమెకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక కోపం వస్తుందేమో అని చూశాను. రాలేదు. అక్కడే గుమ్మంలో కూర్చుని పెద్దగా నవ్వి, తర్వాత ఏడ్చి, మళ్ళీ నవ్వింది.

“అయితే ఒక్క లైను ఆంటీ! రెండు ఫోల్డర్ల పేర్లు అటుదిటు మారిస్తే ఖతం. పోయినోళ్ళు బతికినోళ్ళయితరు, బతికినోళ్ళు పోయినోళ్ళయితరు. మీరు అంతటా ఒక్కతీరుగ తప్పు చేసిండ్రు కదా, గందుకే సాఫ్‌గ ఉల్టా అయితది.” అంతలో గొంతు తగ్గించింది. “డాక్టర్ మేడంకు చెప్పకుండ్రి. ఎవరికీ తెల్వది.”

ఆ పూట నేను డాక్టరమ్మకు ఫోన్ చేయలేదు. ఇంటికెళ్ళి టీ పెట్టుకున్నాను. సంగతి మా ఆయనకు చెప్తే, “మూడు నెలల్ల రిటైర్ అయితవ్, ఎందుకు లొల్లి? ఎవరికి తెలుస్తది?” అన్నాడు. నేను కూడా సరిగ్గా అదే అనుకుంటున్నాను కాబట్టి అతని మీద కోపం వచ్చింది. ముప్పై ఏళ్ళ మంచిపేరు చివరి మూడు నెలల్లో పోగొట్టుకోవడం ఎవరికి ఇష్టం? పైగా ఫలితం ఎలాగూ సరైపోతోంది. రెండో కప్పు టీ తాగుతుండగా ఒక అనుమానం మొదలైంది. దండ గురించి అంత నమ్మకంగా తప్పు చేసినదాన్ని, ఈ తిరగేత గురించి మాత్రం ఎలా నమ్మకంగా ఉన్నాను?

మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి అంతా చెప్పాను.

“దండ ఉంటే చనిపోయినట్టని మీకు ఎవరు చెప్పారు?” అంది డాక్టరమ్మ.

“ఎవరూ చెప్పలేదు. మీరు దండ చూడమన్నారు, చూశాను. మా దేశంలో మనిషి పోతే ఫోటోకు దండ వేస్తాం. ఫోటోలో మొహానికి దండ ఉంటే ఇక ఆ మనిషి లేనట్టే. మీ శ్మశానాల్లో మాత్రం సమాధుల మీద పెట్టేవి దండలు కావా?”

డాక్టరమ్మ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు దగ్గయింది, దగ్గు ఆగలేదు, నాకు భయమేసింది. ఆగాక అంది: “దండ చూడమన్నాను. దాన్నిబట్టి బతికున్నాడనుకోవాలా, పోయాడనుకోవాలా అన్నది చెప్పలేదు. అది ఎవరికైనా తెలిసిన సంగతేనని నేననుకున్నాను.”

తర్వాత నన్ను వదల్లేదు. ఏ పూలు వేస్తారు, ఎన్నాళ్ళకు మారుస్తారు, ఏ గోడకు పెడతారు, దేవుడి పటాలకూ వేస్తారు కదా, మరి దేవుడి పటానికీ మనిషి పటానికీ తేడా ఎలా తెలుస్తుంది? గంటసేపు అడిగింది. దేవుడికైనా పోయినవాళ్ళకైనా దండ ఒకటే అని చెప్తూ చెప్తూ నేనే ఆగిపోయాను. ఆ మాట అంతకు ముందు నాకెప్పుడూ తోచలేదు. మనం కూడా పోయినవాళ్ళని దేవుళ్ళ పక్కన చేర్చేస్తామేమో అంటే, అది రాసి పంపండి అంది.

“మరి మీవాళ్ళు పోయినాయనకు దండ ఎందుకు తీసేశారు?” అని నేనడిగాను.

“ఆకుల దండ అధికారానిది. గద్దె మీద ఉన్నవాడే పెట్టుకోవాలి. దేవుడయ్యాక ఆయనకు ఆ గద్దెతో పనేముంది, అందుకే ఉత్త తలతో చూపించారని మేము అనుకుంటాం. అన్ని కాలాల్లోనూ ఇలా లేదు, ఈ శతాబ్దంలో ఇలా చేశారు.” అంతటితో ఆగి, గొంతు మార్చి అడిగింది. “మీ ఇద్దరూ ఫోల్డర్ల పేర్లు మార్చేశారా?”

“ఇవ్వాళ మారుస్తుంది.”

“ఆపండి. దండ లేనివాళ్ళలో గడ్డం పూర్తిగా రాని కుర్రమొహాలు ఏమైనా ఉన్నాయా?”

ఉన్నాయి. ఉంగరాల జుట్టుతో, నున్నటి బుగ్గలతో, చాలానే ఉన్నాయి.

“వాళ్ళు యువరాజులు” అంది డాక్టరమ్మ. “గద్దె ఇంకా ఎక్కలేదు కాబట్టి దండ లేదు. మీరు పేర్లు తిరగేస్తే వాళ్ళందరినీ చంపేస్తారు.”

ముందురోజు సాయంత్రం మా ఆయన మాట విని ఊరుకుని ఉంటే ఏమయ్యేదో అప్పుడు తెలిసింది. ఆ పిల్ల థీసిస్‌లో బతికున్న యువరాజులు చితుల లెక్కలో చేరేవారు. దిద్దే మనిషి డాక్టరమ్మే. మొదటి పేజీలోనే పట్టుకునేది.

గడువుకి పన్నెండు రోజులున్నాయి. అరిగిన బొమ్మలు వెలుగులో తిప్పితేనే తెలుస్తాయి కాబట్టి, దండ లేని నాణేలన్నిటినీ ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని, రెండు వైపులా చూసి వేరుచేయాలి. మా బృందం వారం కాని వారంలో కూడా రావడానికి డాక్టరమ్మ ఆఫీసు దగ్గర అనుమతి తీసుకుంది. నేను స్టూడియోలో, అమ్మాయి తన గదిలో, డాక్టరమ్మ తన ఇంట్లో, ముగ్గురం వీడియోలో. నేను నాణేన్ని కెమెరా ముందు తిప్పితే డాక్టరమ్మ చూసి చెప్పేది, అమ్మాయి రాసుకునేది. తొమ్మిది రోజులు పట్టింది. ఇరవై నిమిషాలకోసారి కిటికీ తెరిచాను, ఒక్కసారి కూడా తిట్టలేదు.

అన్నేళ్ళుగా నా కెమెరా కింద నుంచి పోయిన నాణేలు అప్పుడు చూశాను. చితి పై అంతస్తులో వేలి గోరంత రథం ఉంటుంది, మీకు తెలుసా? గద్ద తల వెనక్కి తిప్పి చూస్తూ ఉంటుంది. ఒక నాణెం మీద పోయినాయన చెంప మాత్రమే నున్నగా అరిగిపోయింది. ఎవరో బొటనవేలితో రుద్దుతూ జేబులో పెట్టుకు తిరిగినట్టుంది. ఇది ఎవరు చేసి ఉంటారు అని డాక్టరమ్మను అడిగితే, “తెలియదు” అంది. అంత చదువుకున్న మనిషి అంత సంతోషంగా తెలియదు అనడం నేను అప్పటివరకు వినలేదు. అరవై పైన యువరాజులు బతికి బయటపడ్డారు.

అమ్మాయి చివరి ప్రతి నాకు కూడా పంపింది. ఇంగ్లీషు మెల్లగా చదువుకుంటూ వెళ్ళాను. మధ్యలో ఒకచోట, మొదట వేరుచేసినప్పుడు “నా పొరపాటు వల్ల” ఫోల్డర్లు తారుమారయ్యాయి అని ఉంది. నా పొరపాటు అంటే ఆమె పొరపాటు. నాకు చిర్రెత్తుకొచ్చింది. వెంటనే ఫోన్ చేశాను.

“ఇదేంది? నీ పొరపాటు ఎప్పుడైంది?”

“పెద్దోళ్ళ తప్పు ఎట్ల రాస్త ఆంటీ? మీరు అమ్మ లెక్క.”

“నన్ను పెద్దదాన్నని అడగక మూడు వారాలు పోగొట్టుకున్నవ్. ఇంకా సాలలేదా? మీ ప్రొఫెసర్ చదివి, ఈ పిల్లకు ఫోల్డర్లు గూడ వేరుచేయ రాదంటడు. మార్కులు నావా, నీవా? ఉన్నది ఉన్నట్టు రాయి. లేకుంటే నేనే మెయిల్ పెడత.”

“పేరు పెట్టాల్నా మరి?”

“పేరొద్దు. తప్పు చాలు.”

గడువు రోజున కొలోన్‌లో వాన. యూనివర్సిటీ ఆఫీసు మూసి ఉంది, థీసిస్ ప్రతులు బయటున్న పోస్టు డబ్బాలో వేయాలి. సగం రోజు సెలవు పెట్టి నేనూ వెళ్ళాను. కవరు లోపల పడిన చప్పుడు విని ఆమె రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. తర్వాత సంచీలోంచి ఇంకో ప్రతి తీసి నాకిచ్చింది. పేజీ మధ్యలో ఒక చీటీ పెట్టి ఉంది. పోర్టికో కింద నిలబడి చదివాను. మొదటి వర్గీకరణ తలకిందులైంది, ఎందుకంటే ఫోటోగ్రాఫర్ పెరిగిన చోట దండ వేసిన మొహం అంటే చనిపోయినవారి మొహం, ఆమెను అడగాల్సిన ప్రశ్న నేను అడగలేదు అని ఉంది.

చివరి ముక్క నేను చెప్పింది కాదు, ఆమే చేర్చుకుంది. తీసేయమనలేదు. నిజమే కదా. నా ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నా గురించి అచ్చులో పడింది ఆ ఒక్క వాక్యమే.

టెర్మిన్ రోజున కాగితం చూపించింది, వీసా వచ్చింది, డిగ్రీ వచ్చింది, హాంబర్గ్ వెళ్ళింది. ఈలోగా నేను రిటైర్ అయ్యాను. వీడ్కోలు రోజున డాక్టరమ్మ తన పెరట్లో పెంచిన, రోమన్ల దండకు వాడిన ఆ లారెల్ కొమ్మతో చుట్టిన దండ ఒకటి పంపింది, వెళ్ళేటప్పుడు తీసి బల్ల మీద పెట్టి వెళ్ళండి అని చీటీతో. అలాగే చేశాను.

మరుసటి ఏడు ఆ అమ్మాయి కొలోన్ పని మీద వచ్చి మా ఇంటికి భోజనానికొచ్చింది. స్టేషన్ బయట తిరిగితే మా సందే అని ఫోన్లో చెప్తే, “ఏ వైపు ఆంటీ?” అంది. బాగుపడిందనుకున్నాను. ఇంట్లోకి వచ్చి, చేతులు కడుక్కుని, హాల్లో గోడ ముందు ఆగింది. అక్క ఫోటో, దానికి దండ. మా ఇంటికి వచ్చిన తెలుగువాళ్ళందరూ ఆ ఫోటో చూసి, అర్థమై, మర్యాదగా చూపు తిప్పుకునేవారు. ఈమె తిప్పుకోలేదు. దండ అంటే ఏమిటో తెలియని పిల్లా కాదు.

“ఈమె ఎవరు ఆంటీ? ఉన్నరా, పోయిండ్రా?”

“పోయింది బిడ్డా. మా అక్క.”

“ఎట్ల పోయిండ్రు?”

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. అక్క గురించి ఒకరు అడగడం, నేను మొదటినుంచి చెప్పడం అదే మొదటిసారి. అన్నం చల్లారిపోయింది.